పాట ఎత్తుకునేవాడు

పీసా
1974 అక్టోబరు 20

బకీస్ మామయ్యకి,

తేనె సీసా పగలకుండా చేరింది. మన దీవి నుంచి పడవలో ఒళ్ళోంచి దించకుండా తెచ్చాను. పక్కన కూర్చున్న పెద్దావిడ చూసి చూసి, చివరికి "అస్థికలా అమ్మా?" అని అడిగింది. కాదు, మా మామయ్య తేనెటీగల కష్టం అని చెప్పాను.

బస్సు దగ్గర జరిగింది నువ్వు చూశావు కదా. నాన్న నా పేరు పలకబోయాడు. నోరు తెరుచుకుంది, పేరు రాలేదు, కన్నీళ్ళొచ్చాయి. అమ్మ నన్ను మెట్టెక్కించి, "పరీక్షలయ్యేదాకా ఇటు రాకు. నిన్ను చూసినప్పుడల్లా ఆయన ఇలాగే ఐపోతున్నాడు" అంది. ఆగస్టులో పక్షవాతం వచ్చినప్పుడు కాలు, చెయ్యి, మాట, మూడూ పోయాయి. కాలూ చెయ్యీ తిరిగొచ్చాయి కాబట్టి మాట కూడా వస్తుందని రోజూ అనుకుంటున్నాను. అమ్మకి రాయడం రాదు. ఇంటి సంగతులన్నీ నువ్వే రాయాలి మామయ్యా. దాచకు. తెలియని చోట నేను ఊహించుకుంటాను, నా ఊహలు నిజం కంటే చెడ్డవి.

ఇక నా సంగతి. భాషా చరిత్ర చెప్పే ఆచార్యుడు మాలో ఒక్కొక్కరికీ ఒక్కో మాట ఇచ్చాడు. రోజూ నోట్లో నానే మాట. దాని అర్థం, పుట్టుక తవ్వి తీయాలి. నా పక్కమ్మాయికి 'రొట్టె' పడింది, పాపం ఏడ్చింది. నాకు 'సోలో' పడింది! ఒక్కడే, ఒంటరిగా, ఎవరి తోడూ లేకుండా. ఒక్కడే పడవ నడిపినా, ఒక్కడే కొండెక్కినా, ఒక్కడే వాయించినా అదే మాట. ఇంగ్లీషువాళ్ళు, రష్యన్లు కూడా మన ఇటాలియన్ నుంచే అరువు తీసుకున్నారట. వారం రోజులుగా ఆ మాట చుట్టూ ఈగలా తిరుగుతున్నాను. అలాంటి మాటలు ఇంకెన్ని ఉన్నాయో అనుకుంటే నిద్ర పట్టడం లేదు.

అందుకే అడుగుతున్నాను. మన ఊళ్ళో ఈ మాట ఎక్కడెక్కడ వాడతారు? మీ నలుగురి పాటలో నాన్న మొదటి చరణం ఒక్కడే ఎత్తుకుంటాడు కదా, దాన్ని సోలో అనొచ్చా?

నాన్న చెవిలో నా పేరు చెప్పు. ఆయన తిరిగి అనక్కర్లేదు, విన్నాడని రాస్తే చాలు.

నీ అన్నికా


ఓర్తునేలె
నవంబరు 5

అమ్మాయీ,

ఒంటరి అన్న మాట నేర్చుకోవడానికి పీసా దాకా ఎందుకే? ఫిబ్రవరిలో నా గొర్రెల దొడ్డికి వస్తే ఊరికే నేర్పి పంపేవాణ్ణి.

మన ఊళ్ళో ఎక్కడ వాడతారంటే, తిట్టేటప్పుడు. 'ఒక్కడే తినేవాడికి ఒక్కడికే పొలమారుతుంది' అంటారు. పెళ్ళి కానివాణ్ణి అంటారు. మంద వదిలేసిన పొట్టేలుని అంటారు. మెచ్చుకుంటూ ఎవరూ అనగా నేను వినలేదు. మీ చదువుకున్నవాళ్ళకి అది గొప్పగా ఎలా కనిపించిందో మరి.

ఇంక మీ నాన్న. మొదటి చరణం ఒక్కడే ఎత్తుకుంటాడు, నిజమే. కానీ బావ ఒక్కడే పాడుతున్నాడని మేమెప్పుడూ అనుకోలేదు. ఆయన గొంతు ఎత్తేసరికే మా ముగ్గురి ఊపిరీ బిగబట్టి ఉంటుంది. మాది మాటల్లేని పాట. పెద్దలు చెప్పినట్టు నాది ఎద్దు గొంతు, గొనారియుది గొర్రె, ఎలియాస్ తాతది గాలి. బిం, బో, బారాం, అంతే మాకొచ్చింది. మనిషి గొంతు, మనిషి మాట బావది. మనిషి పిలిస్తే మంద పలికినట్టు మేం పలుకుతాం. దాన్ని నువ్వు ఏమంటావో నీ ఇష్టం.

దాచొద్దన్నావు కాబట్టి రాస్తున్నాను. ఇప్పుడు బావకి ఒకే మాట వస్తోంది. 'ఔను.' దేనికైనా అదే. గొనారియు ఊరుకోడుగా, "బావా, నీ గొర్రెలన్నీ నాకు రాసిచ్చేస్తావా?" అన్నాడు. "ఔను." "మా ఆవిణ్ణి కూడా ఏలుకుంటావా?" "ఔను." "చూశారా, సాక్షులున్నారు!" అని గొనారియు ఎగిరాడు. అందరం నవ్వాం. బావ కూడా నవ్వాడు. తర్వాత గోడవైపు తిరిగి పడుకున్నాడు. గొనారియు బయటికొచ్చి గేటు పట్టుకుని చాలాసేపు నిలబడిపోయాడు.

మే నెలలో కొండ మీద గుడి పండుగ. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి మాలాంటి పాటగాళ్ళు నలుగురేసి వస్తారు. మన ఊరి నుంచి ఎవరని పండుగ పెద్దలు ఇప్పుడే అడుగుతున్నారు. చూద్దామన్నాను. బావ ఉండగా ఆ చోట ఇంకొకణ్ణి నిలబెట్టం, ఆ సంగతి వాళ్ళకీ తెలుసు.

నీ పేరు చెవిలో చెప్పాను. విన్నాడు. 'ఔను' అన్నాడు.

మామయ్య


పీసా
నవంబరు 18

మామయ్యా, మామయ్యా,

నా చెయ్యి ఎంత తొందరపడుతోందో ఈ అక్షరాలు చూస్తే తెలుస్తుంది. రెండు వార్తలు.

మొదటిది. నాతో గదిలో ఉండే ఒత్తావియా వైద్యం చదువుతోంది. నాన్న గురించి చెప్పాను. పక్షవాతంతో మాట పోయిన కొందరికి పాట మిగులుతుందట! మాట ఒక గదిలో, పాట ఇంకో గదిలో ఉంటాయనుకో. ఒకదానికి తాళం పడినా రెండోది తెరిచే ఉండొచ్చు. మంచినీళ్ళు అడగలేని మనిషి పాటంతా మాటలతో సహా పాడాడని వాళ్ళ పుస్తకంలో ఉందట. నేను ఎగిరి గంతేస్తే ఒత్తావియా నా చెయ్యి పట్టుకుని, "ఖాయమని నేననలేదు. రేపు మీవాళ్ళు నా పేరు చెప్పుకుని ఏడవకూడదు" అంది. సరే, ఖాయం కాదు. కానీ ప్రయత్నించడానికి ఏం పోయింది? మీ ముగ్గురూ ఇంటికి వెళ్ళి, ఎప్పటిలా గుండ్రంగా, భుజం భుజం తగిలేలా నిలబడండి. నాన్న చోటు నాన్నకి వదలండి. ఎత్తుకుంటాడు. ఆయన ఎప్పుడూ ఒక్కడే కదా ఎత్తుకునేది, ఎవరి సాయం కావాలి?

రెండోది. సోలో పుట్టుక దొరికింది. లాటిన్‌లో 'సోలుస్'. దాని వెనక ఇంకా పాతది, ఒక్క అక్షరమంత చిన్న మాట ఉందట. దాని అర్థం 'తాను'. అంటే సోలో అంటే ఎవరూ లేకపోవడం కాదు మామయ్యా, తనకి తాను ఉండడం! నువ్వు రాసిన ఊరి తిట్లన్నీ పక్కన పెట్టు. ఆ మాట మొదట్లో తిట్టు కాదు. నాన్న గొంతులో నాన్నే ఉన్నాడు. దాన్ని ఏ జబ్బూ తీసుకుపోలేదు.

వెంటనే వెళ్ళండి. వెంటనే రాయి.

అన్నికా


ఓర్తునేలె
డిసెంబరు 8

అమ్మాయీ,

వెళ్ళాం. ఆదివారం పూజ అయ్యాక, కొత్త చొక్కాలేసుకుని. ఎలియాస్ తాత మీసానికి నూనె కూడా రాసుకున్నాడు.

వంటింట్లో నిలబడ్డాం. బావకి చెప్పక్కర్లేకపోయింది. మమ్మల్ని చూడగానే మంచం దిగి వచ్చి తన చోట నిలబడ్డాడు. ఎప్పటిలా అరచెయ్యి చెవికి ఆనించుకున్నాడు. నీ మీద ఒట్టు, ఆ క్షణాన నీ పుస్తకాలన్నీ నిజమేననుకున్నాను. మేం ఊపిరి బిగబట్టాం. బావ నోరు తెరిచాడు.

"ఔను," అన్నాడు.

మళ్ళీ చెయ్యి సర్దుకున్నాడు. "ఔను." మూడోసారి ఏమీ రాలేదు. గొనారియు ముఖం ఎర్రబడింది, ఇంకా ఊపిరి వదల్లేదు వాడు. ఎవరమూ కదల్లేదు. చివరికి మా చెల్లెలే, అదే మీ అమ్మ, చేతిలో గరిటెతో వచ్చి, "శవం చుట్టూ నిలబడ్డట్టు ఏంటా నిలబడ్డం? కూర్చుని ఏమన్నా తినండి" అంది. తిన్నాం. జున్ను బాగుంది. 

ఎవరి సాయం కావాలని రాశావు. నాకు నవ్వూ ఏడుపూ వచ్చాయి. మాలో ఎవరో ఒకరం మొదలుపెడితే బావ అందుకునేవాడేమోనని దారిలో గొనారియు అన్నాడు. ఎలియాస్ తాత వాణ్ణి కర్రతో కొట్టినంత పని చేశాడు. ఎత్తుకునేవాడు బతికుండగా ఇంకొకడు ఎత్తుకోవడమంటే వాణ్ణి పాతిపెట్టడమే. మా నాన్న కాలంలోనూ అంతే, ఆయన నాన్న కాలంలోనూ అంతే. ఇది నీకు కొత్తగా చెప్పాలా?

క్రిస్మస్‌కి నిన్ను రమ్మనమని మీ అమ్మని అడిగాను. తల అడ్డంగా ఊపింది.

మామయ్య


పీసా
1975 జనవరి 12

మామయ్యా,

కోపంతో రాసిన రెండు ఉత్తరాలు చింపేశాను. ఇది మూడోది, దీంట్లోనూ కొంచెం మిగిలే ఉంటుంది.

నాన్న మూడుసార్లు ప్రయత్నించాడు. మీరు ముగ్గురు పెద్దమనుషులు చూస్తూ నిలబడ్డారు. తర్వాత జున్ను తిన్నారు. నాన్న నోరు మూయించింది జబ్బా, మీ ఆచారమా? నేను అక్కడుంటే ఆడపిల్ల పాడకూడదన్నా సరే, నేనే ఎత్తుకునేదాన్ని. నాన్న పాటలన్నీ నాకు నోటికి వచ్చు. క్రిస్మస్ ఒత్తావియా వాళ్ళింట్లో గడిపాను. వాళ్ళ నాన్న బల్ల దగ్గర గట్టిగా మాట్లాడుతుంటే వినలేక రెండుసార్లు లేచిపోయాను.

సరే. మీ ఆచారం చెడకుండానే ఒక దారి దొరికింది. రెండేళ్ళ కిందట వసంతంలో ఇక్కడి సంగీత విభాగం వాళ్ళు మన ఊరొచ్చి మీ పాట రికార్డు చేశారు, గుర్తుందా? ఒక్కొక్కరి ముందూ ఒక్కో మైకు పెడితే గొనారియు మామ, "దీన్ని ముద్దు పెట్టుకోవాలా?" అని అడిగాడు. ఆ టేపులు ఇక్కడే ఉన్నాయి. నలుగురివీ నాలుగు గొంతులు విడివిడిగా! నాన్నది ఒక్కటే క్యాసెట్టులోకి ఎక్కించుకున్నాను. పక్కన మీరెవరూ లేరు. అచ్చమైన సోలో. విని ఎంత ఏడ్చానో చెప్పను.

దీంతో పాటు పార్సెల్ పంపుతున్నాను. పాదిరీగారి దగ్గర క్యాసెట్టు వాయించే పెట్టె ఉంది. ఇప్పుడు మీలో ఎవరూ ఎత్తుకోనక్కర్లేదు. నాన్నే ఎత్తుకుంటాడు, తన గొంతుతోనే. మీరు అందుకోండి. తన పాట తాను వింటే ఆ తాళం పడని గది తలుపు తెరుచుకుంటుంది. ఇందులో తప్పేముంది, ఎలియాస్ తాతనే అడుగు.

ఈసారి వెనక్కి తగ్గొద్దు.

అన్నికా


ఓర్తునేలె
ఫిబ్రవరి 9

అన్నికా,

ఎలియాస్ తాతని అడిగాను. చాలాసేపు గడ్డం గీక్కుని, "తప్పు కనపడ్డం లేదు. పిల్ల తెలివైంది" అన్నాడు. నాకూ కనపడలేదు. అందుకే నిన్నేమీ అనను. ఆ పెట్టె మీట నొక్కింది నేనే.

గురువారం సాయంత్రం చలిగాలి ఉందని తలుపులూ కిటికీలూ మూసేశాం. బావ తన చోట నిలబడ్డాడు. నేను మీట నొక్కాను. వచ్చింది గొంతు. ఎంత బాగా తీశారే! బావ పక్కనే నిలబడి పాడినట్టుంది. కానీ బావ పక్కనే నిలబడి ఉన్నాడు, పాడడం లేదు. అది నాకు అప్పుడుగానీ తట్టలేదు.

మొదటి చరణం అయ్యాక మేం అందుకోవాల్సిన చోట ఖాళీ వచ్చింది. అందుకోలేకపోయాం. ముగ్గురం బావ ముఖం చూస్తున్నాం. ఆయన మంచం కిందకి చూశాడు. తలుపువైపు చూశాడు. ఆ తర్వాత వేళ్ళతో తన పెదాలు తడుముకున్నాడు, కదులుతున్నాయో లేదోనని. గొంతు మాత్రం మా కోసం ఆగకుండా రెండో చరణం ఎత్తుకుంది.

అప్పుడు తలుపు కొట్టారు. పక్కింటి ముసలమ్మలు నల్ల శాలువాలు కప్పుకుని, జపమాలలు పట్టుకుని వచ్చారు. మన ఊరి నమ్మకం నీకు తెలుసు, మాట పడిపోయినవాడి గొంతు ఉన్నట్టుండి తేటగా వినిపిస్తే అది సెలవు తీసుకుంటున్నట్టే. మూసిన ఇంట్లోంచి బావ గొంతు ఖణీమని వినిపించేసరికి వాళ్ళకి ఇంకేం తోస్తుంది? ముందున్న ముసలమ్మ మీ అమ్మ చేతులు పట్టుకుని, "ఎప్పుడు పోయాడు తల్లీ?" అని అడిగింది.

బావ మా మధ్యలోంచి ఆమెకేసి చూసి, "ఔను" అన్నాడు.

అదే ఆఖరు. ఆ రోజు నుంచి 'ఔను' కూడా లేదు. పిలిస్తే చూస్తాడు. ముద్ద పెడితే తింటాడు. మీ అమ్మ ఆ క్యాసెట్టుని గుడ్డలో చుట్టి నా చేతికిచ్చింది. నన్నేమీ అనలేదు. తిడితే బాగుండును.

బకీస్


పీసా
ఫిబ్రవరి 20

మామయ్యా,

నీ ఉత్తరం అందిన రోజే ఊళ్ళోని కాఫీ అంగడికి ఫోన్ చేసి అమ్మని పిలిపించాను. ఎవరో పరుగెత్తి వెళ్ళిన చప్పుడు, గ్లాసుల చప్పుడు, ఆ తర్వాత అమ్మ ఆయాసం. "వచ్చేస్తానమ్మా" అన్నాను. "వచ్చి ఏం చేస్తావ్?" అంది. కోపంగా కాదు, నిజంగానే అడిగింది.  మళ్ళీ తనే, "చలిగా ఉందా అక్కడ?" అని అడిగి పెట్టేసింది.

పరీక్ష రాశాను. మార్కులు బాగా వచ్చాయి. ఆచార్యుడు నన్ను ఆపి, నా వ్యాసం బాగుందనీ ఒక్కచోటే తొందరపడ్డాననీ అన్నాడు. సోలుస్ పుట్టుక 'తాను' అన్న మాటేనని తేల్చి రాశాను కదా. అది కొందరి ఊహేనట. ఇంకొందరు 'మొత్తం, పూర్తి' అన్న మాటకి చుట్టరికం కలుపుతారట. నిజంగా ఎక్కడినుంచి వచ్చిందో ఎవరికీ తెలియదట. "తెలియదని రాయడం కూడా నేర్చుకోవాలమ్మా" అన్నాడు మెల్లగా.

నాకే తెలియలేదు మామయ్యా. నాన్న గొంతుని మీ ముగ్గురి నుంచి కోసి, పెట్టెలో పెట్టి పంపాను. మీరు ఊపిరి బిగబట్టి ఉంటారని నువ్వు మొదటి ఉత్తరంలోనే రాశావు. చదివాను, బాగుందనుకున్నాను, కింద గీత కూడా గీశాను. అయినా అర్థం కాలేదు.

ఏం చెయ్యాలో చెప్పు. ఏం చెయ్యకూడదో అయినా చెప్పు.

అన్నికా


పీసా
ఏప్రిల్ 27

మామయ్యా,

రెండు నెలలుగా నీ దగ్గర్నుంచి ఉత్తరం లేదు. తపాలా అతను మెట్లెక్కే చప్పుడు వింటే నాకు భయమేస్తోంది, ఎక్కకపోయినా భయమేస్తోంది. నా మీద కోపమైతే ఒక్క వాక్యం రాయి, చాలు. పండుగ దగ్గరికొచ్చింది. మన ఊరి నుంచి ఎవరు పాడుతున్నారు? నాన్న చోట వేరేవాళ్ళని పెట్టారనైనా సరే రాయి, ఏమీ అనను.

ఒత్తావియా నీకు నమస్కారం చెప్పమంది. ఆమె ఈ మధ్య నాతో నాన్న గురించి మాట్లాడడం మానేసింది.

అన్నికా


ఓర్తునేలె
మే 27

అమ్మాయీ,

కోపం కాదే. రాయడానికి ఏముంది? ఉదయం వెళ్తే కుర్చీలో ఉన్నాడు, సాయంత్రం వెళ్తే కుర్చీలో ఉన్నాడు. ఏం చెయ్యాలని అడిగావు. నాకు తెలిస్తే నీకంటే ముందు నేనే చేసేవాణ్ణి కదా. తెలియదని రాయడానికి రెండు నెలలు సిగ్గుపడ్డాను. మీ ఆచార్యుడు నన్ను కూడా చేర్చుకుంటాడేమో అడుగు.

నిన్న పండుగ. మన ఊరి నుంచి ఎవరూ పాడలేదు. మేం ముగ్గురం గుడికి వెళ్ళి, కొవ్వొత్తి పెట్టి, గాయకులు నిలబడే అరుగు దాకా పోకుండా దిగొచ్చేశాం. ఎక్కడికని ఎవరూ అనలేదు, కాళ్ళు బావ ఇంటికి పోయాయి. కొండ మీద పక్క ఊరివాళ్ళు పాడుతున్నారు. గాలి ఇటు తిరిగినప్పుడల్లా ముక్కలు ముక్కలుగా వినబడుతోంది. బావ గుమ్మంలో కూర్చుని వింటున్నాడు. మీ అమ్మ చిక్కుళ్ళు వలుస్తోంది.

ఎలా జరిగిందో నేను చెప్పలేను. నిలబడ్డాం, బావ కూడా లేచాడు. అప్పుడు నా గొంతు ఎత్తింది. మాటలు కాదు, బావ చరణం కాదు, నాకొచ్చిందే. బిం, బో. ఎద్దు పలికింది, ఎవరూ పిలవకుండానే. ఎలియాస్ తాత నాకేసి చూసిన చూపు నేను చచ్చేదాకా మరిచిపోను. కర్ర ఎత్తుతాడనుకున్నాను. కాసేపు నిలబడి, కళ్ళు మూసుకుని, ఆయన కూడా అందుకున్నాడు. గొనారియు ఏడుస్తూనే అందుకున్నాడు.

బావ చెవికి చెయ్యి పెట్టుకోలేదు. తన చోటు వదిలి నా పక్కకి వచ్చాడు. భుజానికి భుజం ఆనించాడు. నోరు తెరిచాడు. వచ్చింది అమ్మాయీ, గొంతు వచ్చింది. బిం, అన్నాడు. బో, అన్నాడు. నాతో పాటు, నాకంటే కిందికి, శ్రుతి తప్పుతూ. ఇన్నేళ్ళూ ఊళ్ళో మాటలన్నీ మోసిన గొంతు. ఒక్క మాటైనా వస్తుందేమోనని మేం ఆపకుండా పాడాం. రాలేదు. మా మందలో ఇంకొక ఎద్దయ్యాడు.

గోడ అవతల ఎవరో ఆగి, "ఏ పాటరా అది?" అని అడిగారు. "పాట కాదులే, పోండి" అన్నాడు గొనారియు. నిజమే. నలుగురం బదులు పలుకుతున్నాం, పిలిచినవాడు లేడు.

చీకటి పడ్డాక బావ ముందు నీ పేరు చెప్పాను. నువ్వు అడిగినట్టు చెవిలో కాదు, మొండిగా, ఒకటికి పదిసార్లు. "అన్నికా అను బావా." విన్నాడు. "బో," అన్నాడు. మీ అమ్మ చిక్కుడు గిన్నె పక్కన పెట్టి, "అన్నయ్యా, ఆయనకి గొంతిచ్చావా, ఉన్నదేదో కాస్తా తీసేశావా?" అని అడిగింది. ఇదివరకు ముందు నిలబడేవాడు, ఇప్పుడు పక్కన నిలబడుతున్నాడు.  

పరీక్షలు అయిపోగానే వచ్చేయి. మీ అమ్మని నేను చూసుకుంటాను. వస్తే ఆయన మాట్లాడతాడని రమ్మనడం లేదు. అది నీకు ముందే చెప్పాలి.

ఇవాళ సాయంత్రం వెళ్ళేసరికి గుమ్మంలో మాకోసం చూస్తూ ఉన్నాడు. లోపల నిలబడ్డాం. ఎవరమూ మొదలుపెట్టలేదు. అలవాటు కదా, ముగ్గురం ఆయన నోటికేసే చూస్తున్నాం. ఆయనేమో నా నోటికేసి చూస్తున్నాడు. అలా ఎంతసేపు నిలబడగలం? నేనే ఎత్తుకున్నాను.

మామయ్య